పై క్లాస్‌కి పిల్లల్ని ఒక్కళ్లనే పంపకండి: బెంగళూరు స్కూళ్లలో పనిచేస్తున్న తెలుగు టీచర్లకి బహిరంగ లేఖ

టీచరమ్మలకి, సార్లకి నమస్తే అండి.

మార్చి వచ్చేసింది, ఒకపక్క ఆన్యువల్ ఎగ్జామ్స్, ఇంకోపక్క పేపర్లు దిద్దడం, రిపోర్ట్ కార్డులు, మీకు కూర్చుని కాఫీ తాగే టైమ్ కూడా లేదని తెలుసు. అయినా ఇప్పుడే ఎందుకు రాస్తున్నానంటే జూన్‌లో రాస్తే లాభం లేదు కాబట్టి. జూన్‌లో కొత్త క్లాస్‌కి వెళ్లి పిల్లలు పడే అవస్థలో చాలా భాగం ఇప్పుడే, మీరు ఈ క్లాస్‌ని వదిలే ముందే తగ్గించొచ్చు, అది మీ చేతుల్లోనే ఉంది.

నేను కేఆర్ పురం వైపు సాయంత్రాలు ట్యూషన్ చెప్తాను. వచ్చేవాళ్లలో ఎక్కువమంది మన పిల్లలే, అనంతపురం, కర్నూలు, చిత్తూరు, అక్కడక్కడా గుంటూరు, నల్గొండ. కొందరి నాన్నలు వైట్‌ఫీల్డ్‌లో సాఫ్ట్‌వేర్, కొందరి నాన్నలు ఆ ఆఫీసులు, అపార్ట్‌మెంట్లు కట్టే మేస్త్రీలు, సెంట్రింగ్ పనివాళ్లు. సీబీఎస్ఈ పిల్లలున్నారు, స్టేట్ సిలబస్ వాళ్లున్నారు, గవర్నమెంట్ కన్నడ మీడియం వాళ్లున్నారు. ఫీజుల్లో నేలకీ నింగికీ తేడా ఉందిగానీ జూన్, జూలై నెలల్లో మాత్రం అందరిదీ ఒకటే పరిస్థితి. కిందటి ఏడాది టీచర్ ఆ బిడ్డ గురించి ఏడాదంతా చూసి, ఓపిక పట్టి తెలుసుకున్నది మొత్తం ఏప్రిల్‌లో ఆగిపోతుంది, కొత్త టీచర్ మళ్లీ మొదటినుంచి మొదలుపెడతారు, ఆ మధ్యలో నలిగేది పిల్లలు.

ఇలాంటి పిల్ల మీ క్లాస్‌లో కూడా ఉండే ఉంటుంది చూడండి. బాగా చదువుతుంది, కానీ లేపి నిలబెట్టి క్లాస్ అందరి ముందూ చదవమంటే గొంతు రాదు. నాలుగో క్లాస్ టీచర్ మేడమ్‌కి ఈ సంగతి తెలిసేసరికి దసరా సెలవులొచ్చాయి. ఆ తర్వాత మేడమ్ ఏం చేశారంటే తన టేబుల్ దగ్గరికి పిలిచి మెల్లగా చదివించుకున్నారు, తర్వాత ఇద్దరు పిల్లల్ని కలిపి చదివించారు, ఫిబ్రవరికల్లా ఆ పిల్ల అసెంబ్లీలో న్యూస్ చదివింది. జూన్ వచ్చింది, ఐదో క్లాస్, కొత్త మేడమ్, మొదటి వారంలోనే లేపి నిలబెట్టారు, పిల్ల బిగుసుకుపోయింది, డైరీలో 'రీడింగ్ వీక్, ప్రాక్టీస్ ఎట్ హోమ్' అని రాశారు. కొత్త మేడమ్ తప్పు అననండి, ఆమెకి ఎవరు చెప్పారు గనక? పాత మేడమ్ అదే బిల్డింగ్‌లో కింద ఫ్లోర్‌లోనే ఉన్నారు. ఇద్దరూ రోజూ స్టాఫ్ రూమ్‌లో ఎదురుపడతారు. ఆ పిల్ల గురించి మాట్లాడుకోవడానికి ఇది టైమ్ అని స్కూల్లో ఎవ్వరూ పెట్టలేదు, అంతే.

ఆస్పత్రిలో నర్సులు డ్యూటీ మారేటప్పుడు గమనించే ఉంటారు, దిగిపోయే నర్సు ఎక్కే నర్సుకి ప్రతి బెడ్ గురించీ చెప్పాకే వెళ్తుంది, ఈయనకి రాత్రి జ్వరం వచ్చింది, ఈమెకి ఫలానా మందు పడదు అని. పన్నెండు గంటల డ్యూటీకే అంత పద్ధతి ఉంటే, పది నెలలు మన దగ్గర ఉన్న బిడ్డకి ఎందుకు లేదు? మార్కులు వెళ్తున్నాయి, ఆధార్ వెళ్తోంది, పిల్లల రికార్డుల కోసం గవర్నమెంట్ ఇచ్చే శాట్స్ నంబర్, పెన్ నంబర్, ఇప్పుడు అపార్ ఐడీ, అన్నీ ఒక చోటి నుంచి ఇంకో చోటికి పోతున్నాయి. ఆ బిడ్డ దేనికి భయపడుతుంది, దేనికి నవ్వుతుంది, ఎలా చెప్తే అర్థమవుతుంది అన్నది మాత్రం ఏ నంబర్‌లోనూ లేదు.

నేను అడిగేది పెద్ద పని కాదండి. ఒక్కో బిడ్డకి నాలుగైదు లైన్లు. లెక్కల్లో నిజంగా ఎక్కడిదాకా వచ్చాడు (మార్కులు కాదు, రెండంకెల భాగహారం ఒంటరిగా చేయగలడా లేదా అన్నది), చదవడంలో ఎక్కడున్నాడు, ఏం చేస్తే సర్దుకుంటాడు, ఏం చేస్తే బెదిరిపోతాడు, ఎవరి పక్కన కూర్చుంటే పని చేస్తాడు. మీ భాషలో, మీ చేతిరాతలో, ఫార్మాట్ ఏమీ అక్కర్లేదు. ఇంకా చెప్పాలంటే ఫార్మాట్ పెట్టకండి, పెడితే అది ఇంకో ఫారం అయిపోతుంది, అందరికీ 'గుడ్, కెన్ ఇంప్రూవ్' అని నింపేస్తారు. కొత్త ఎడ్యుకేషన్ పాలసీ 2020లో ప్రోగ్రెస్ కార్డు పిల్లవాడి అన్ని వైపులా చూపించేలా ఉండాలని, టీచర్ మాటతోపాటు పిల్లవాడు తన గురించి తాను చెప్పుకున్నది, తోటి పిల్లలు చెప్పింది కూడా ఉండాలని రాశారు. మంచిదే, కానీ ఆ కార్డు ఇంటికెళ్తుంది. నేను చెప్పేది పై క్లాస్ టీచర్ చేతికి వెళ్లాల్సిన కాగితం గురించి.

ఇక్కడ ఒక టీచర్ మేడమ్ నాతో అన్న మాట చెప్పాలి, ఎందుకంటే మీలో చాలామందికి అదే అనిపిస్తుంది. 'నేను ముందే ఏమీ వినను, పాత టీచర్ మాట వింటే ఆ పిల్లాడి మీద ఒక అభిప్రాయం పడిపోతుంది, కొత్త క్లాస్ అంటే కొత్తగా మొదలవ్వాలి కదా' అన్నారామె. ఇది నిజమైన భయమే. 'వీడు అల్లరి, జాగ్రత్త' అని ఒక్క మాట పాకితే చాలు, వాడు మొదటి రోజే ముందు బెంచీలో టీచర్ కళ్లెదురుగా ఉంటాడు, ఏడాదంతా ఎక్కడ ఏ చప్పుడైనా వాడి పేరే పిలుస్తారు. అందుకే రాసే పద్ధతి ముఖ్యం. అల్లరివాడు అని రాయొద్దు, 'పది నిమిషాలకోసారి లేచే పని ఏదైనా ఇస్తే, బోర్డు తుడవమంటే, నోట్‌బుక్కులు పంచమంటే, మళ్లీ కూర్చుని రాస్తాడు' అని రాయండి. మొదటిది చదివితే ఆ పిల్లాడి మీద కన్నేసి ఉంచుతారు, రెండోది చదివితే వాడితో ఏం చేయాలో తెలుస్తుంది. పనికొచ్చేదే రాయాలి, మీకు పనిచేసిందే రాయాలి. ఇంట్లో గొడవలు, అమ్మానాన్న విడిపోవడం లాంటివి తల్లిదండ్రుల్ని అడక్కుండా కాగితం మీద పెట్టొద్దు.

వీలైతే పిల్లల్నే రాయనివ్వండి. 'నా కొత్త టీచర్‌కి' అని ఒక పేజీ, ఇంగ్లీషో కన్నడో తెలుగో ఏ భాష వస్తే అది, బొమ్మ గీసినా సరే. స్పెల్లింగ్ దిద్దొద్దు, చదివి వినిపించమనొద్దు. మా ట్యూషన్‌లో సరదాగా రాయించాను, ఒక పిల్లాడు 'నాకు డౌట్ వస్తే చెయ్యి ఎత్తను, పెన్సిల్ చెక్కుతూ ఉంటాను' అని రాశాడు. అది తెలిసిన టీచర్‌కి వాడు ఏడాదంతా ఎంత తేలికవుతాడో ఆలోచించండి.

గవర్నమెంట్ స్కూళ్లలో అతిథి టీచర్ల విషయం వేరేగా చెప్పాలి. ఆ ఏడాదికే తీసుకుంటారు, ఏడాది అయ్యాక పంపేస్తారు, జూన్‌లో వాళ్లే వస్తారో వేరేవాళ్లు వస్తారో తెలీదు, వాళ్లతోపాటే ఆ క్లాస్ గురించి తెలిసిందంతా గేటు దాటిపోతుంది. ప్రైవేట్‌లో రిజైన్ చేసి వెళ్లేవాళ్లదీ ఇంతే. మీరు వెళ్లిపోతున్న టీచర్ అయితే, రిలీవింగ్ లెటర్ తీసుకునేలోపు ఆ కాగితాలు హెచ్చెమ్ గారి చేతికో కోఆర్డినేటర్ చేతికో ఇవ్వండి, మీ క్లాస్ పిల్లలకి మీరు చేసే చివరి సాయం అది.

సెక్షన్ షఫ్లింగ్ గురించి కొంచెం గట్టిగానే మాట్లాడతాను. పెద్ద ప్రైవేట్ స్కూళ్లలో ఏటా ఏ, బీ, సీ సెక్షన్లు కలిపేసి మళ్లీ పంచుతారు. కారణాలు నాకూ తెలుసు, బాగా చదివేవాళ్లంతా ఒకే చోట చేరకూడదు, గొడవపడేవాళ్లని విడదీయాలి, అందరూ అందరితో కలవాలి. అన్నీ సబబే. కానీ చేసేది ఆఫీసులో కంప్యూటర్ ముందు, మార్కుల లిస్టు చూసి. ఆ లిస్టు స్కూలు తెరిచిన రోజు ఉదయం నోటీస్ బోర్డు మీద అంటిస్తారు, పిల్లలు ఒకళ్ల మీద ఒకళ్లు పడి చూసుకుంటారు, కొందరు అక్కడే ఏడుస్తారు. పెద్దవాళ్లకి చిన్న విషయం, రెండు రోజుల్లో కొత్త ఫ్రెండ్స్ వస్తారులే అంటాం. అందరికీ రారు. క్లాస్ మొత్తంలో ఒక్కళ్లతో మాత్రమే మాట్లాడే పిల్లలుంటారు, ఆ ఒక్కళ్లు పక్క సెక్షన్‌కి పోతే లంచ్ బ్రేక్‌లో డబ్బా తెరవకుండా ఇంటికి తెస్తారు. మా దగ్గరికి సాయంత్రం ఐదున్నరకి వచ్చి ఆ డబ్బా తెరిచి చల్లటి పులిహోర తినే పిల్లల్ని నేను ప్రతి జూన్‌లో చూస్తాను. షఫుల్ చేయండి, వద్దనను, కానీ ముందు ప్రతి బిడ్డనీ ముగ్గురి పేర్లు రాయమనండి, ఆ ముగ్గురిలో ఒక్కళ్లయినా తన సెక్షన్‌లో పడేలా చూడండి. లిస్టు సెలవులకి ముందే చెప్పేయండి, ఏడ్చేదేదో ఇంట్లో అమ్మ దగ్గర ఏడుస్తారు, సెలవుల్లో అలవాటుపడతారు.

ఇప్పుడు మన ఊళ్ల నుంచి కొత్తగా వచ్చే పిల్లలు. దీన్ని మీకంటే బాగా అర్థం చేసుకునేవాళ్లు ఈ ఊళ్లో లేరు, అందుకే మీకే రాస్తున్నాను. ఆంధ్రాలో, తెలంగాణలో స్కూళ్లు మామూలుగా జూన్ 12కి తెరుస్తారు. ఇక్కడ కర్ణాటకలో స్టేట్ సిలబస్ స్కూళ్లు మే నెలాఖరుకే తెరిచేస్తారు. అక్కడ టీసీ తీసుకుని, ఇక్కడ ఇల్లు చూసుకుని, సామాను దించి, పిల్లాడిని స్కూల్లో వేసేసరికి ఇక్కడ సేతుబంధ సగం అయిపోయి ఉంటుంది. మీకు తెలిసిందే, తెలియని తల్లిదండ్రుల కోసం చెప్తున్నా, సేతుబంధ అంటే స్కూలు తెరవగానే కిందటి క్లాస్‌లో ఎంత వచ్చో ఒక చిన్న పరీక్ష పెట్టి, రానిది మళ్లీ నేర్పి, చివర ఇంకో పరీక్ష పెట్టి చూసే కార్యక్రమం, కర్ణాటక స్కూళ్లలో ఏటా జరుగుతుంది. ఎంత మంచి ఆలోచనో. కానీ ఎవరికైతే అది అందరికంటే ఎక్కువ కావాలో ఆ పిల్లాడు అది అయ్యాక వస్తున్నాడు. వాడికి మళ్లీ వేరేగా చేయండి, తేదీ దాటిపోయింది అనకండి. టీసీ రాలేదని వెనక్కి పంపడం కూడా కొన్నిచోట్ల చూస్తున్నాం, 2009 విద్యాహక్కు చట్టం ఐదో సెక్షన్ ప్రకారం గవర్నమెంట్, ఎయిడెడ్ స్కూళ్లలో టీసీ ఆలస్యమైందని అడ్మిషన్ ఆపకూడదు, ఈ మాట మీ ఆఫీసు గుమాస్తాకి ఒకసారి గుర్తుచేయండి చాలు.

ఇంకో చిక్కు ఉంది, ఇది ఎవరూ పట్టించుకోరు. అక్కడ ఐదుతో ప్రైమరీ అయిపోతుంది, ఆరు నుంచి హైస్కూల్. ఇక్కడ గవర్నమెంట్‌లో ఏడు దాకా ప్రైమరీ స్కూలే, ఎనిమిది నుంచి హైస్కూల్. అంటే అక్కడ ఆరుకి ఒక స్కూలు మారి, ఏడుకి బెంగళూరు వచ్చి ఇంకో స్కూలు మారి, మళ్లీ ఎనిమిదికి ఇక్కడి హైస్కూల్‌కి మారే పిల్లలున్నారు. మూడేళ్లలో మూడు స్కూళ్లు! ఆ పిల్లలు ఎవరితోనూ దగ్గరవ్వరు, ఎందుకవ్వాలి, మళ్లీ వెళ్లిపోవాలి కదా అన్నట్టు ఉంటారు. సైట్ పని అయిపోతే ఇంకో సైట్‌కి వెళ్లే కుటుంబాల పిల్లలైతే చెప్పనే అక్కర్లేదు, వాళ్లకి జూన్ ఒకటే కాదు, మధ్యలో నవంబర్‌లోనూ కొత్త స్కూలే.

కన్నడ సంగతి. 2015లో కన్నడ నేర్చుకోవడం గురించి చట్టం చేశారు, 2017-18 నుంచి ఒకటో క్లాస్‌తో మొదలుపెట్టి ఏటా ఒక్కో క్లాస్ పెంచుకుంటూ వచ్చారు, సీబీఎస్ఈ, ఐసీఎస్ఈ స్కూళ్లని కూడా కలుపుకునే. ఉంటున్న ఊరి భాష పిల్లలు నేర్చుకోవాల్సిందే, అందులో నాకు రెండో మాట లేదు. కానీ ఏడో క్లాస్‌కి వచ్చిన పిల్ల మిగతా అందరూ పద్యాలు చదువుతుంటే ఒక్కతే అక్షరాలు దిద్దుతూ కూర్చోవడం ఎంత నామోషీగా ఉంటుందో ఊహించండి. అక్కడ మీలాంటి వాళ్లు ఒక్క వారం పక్కన కూర్చుంటే చాలు. తెలుగు చదవడం వచ్చిన పిల్లకి కన్నడ లిపి సగం వచ్చినట్టే, రెండూ ఒకే లిపి నుంచి విడిపోయినవి, తలకట్టు తేడా, క, త లాంటి కొన్ని అక్షరాలు తేడా, గుణింతం, ఒత్తులు దాదాపు మన పద్ధతే. ఈ సంగతి ఆ పిల్లకి తెలుగులో మీరు చెప్తే భయం ఎగిరిపోతుంది, కన్నడ మేడమ్ కన్నడలో చెప్తే ఆ చెప్పిందే అర్థం కాదు కదా. ఇక్కడే పుట్టి, ఇంట్లో తెలుగు మాట్లాడటమే తప్ప చదవడం రాని పిల్లలకి ఈ దారి పనిచేయదు, వాళ్లని మొదటినుంచి ఓపిగ్గా నేర్పించాల్సిందే.

ఏ క్లాస్ నుంచి ఏ క్లాస్‌కి అన్నదాన్ని బట్టి కష్టం మారుతుంది. ఒకటో క్లాస్‌కి విద్యా ప్రవేశ్ అని 2021లో ఎన్‌సీఈఆర్‌టీ వాళ్లు మూడు నెలల కార్యక్రమం తెచ్చారు, ఆటలతో పాటలతో మెల్లగా స్కూలుకి అలవాటు చేయడానికి. మరి మన ప్రైవేట్ స్కూళ్లలో చాలాచోట్ల మొదటి వారం నుంచే కాపీ రైటింగ్. యూకేజీలో మధ్యాహ్నానికి ఇంటికొచ్చి పడుకునే బిడ్డ ఇప్పుడు పొద్దున ఏడుకి వ్యాన్ ఎక్కి మూడున్నరకి దిగుతోంది, ఆ నిద్ర సంగతి ఎవరన్నా ఆలోచించారా? గవర్నమెంట్‌లో మూడు దాకా నలికలి అనే పద్ధతిలో కింద గుంపులుగా కూర్చుని కార్డులతో ఎవరి వేగంలో వాళ్లు నేర్చుకున్న పిల్లలు నాలుగుకి రాగానే బెంచీ, టెక్స్ట్ బుక్, అందరికీ ఒకే పాఠం, నాలుగో క్లాస్‌లో మార్కులు పడిపోయాయంటే పిల్లలు మొద్దుబారలేదు, పద్ధతి మొత్తం ఒక్క రోజులో మారిపోయింది.

ఆరో క్లాస్‌లో అయితే క్లాస్ టీచర్ అనే తల్లి పోయి పీరియడ్‌కో సార్ వస్తారు, మూడో భాష వస్తుంది, ఒకే రోజు అందరూ హోంవర్క్ ఇస్తారు, ఎందుకంటే ఒకళ్లిచ్చింది ఇంకొకళ్లకి తెలీదు. స్టాఫ్ రూమ్ గోడకి ఒక క్యాలెండర్ తగిలించి ఎవరు ఏ రోజు ఏం ఇచ్చారో రాసుకుంటే సరిపోతుంది. బ్యాగ్ బరువు గురించి 2019లో ఇక్కడి గవర్నమెంట్ లెక్క చెప్పింది, ఆరు నుంచి ఎనిమిది దాకా మూడు నాలుగు కిలోలు మించొద్దని, కొత్త టైమ్‌టేబుల్ తెలీక జూన్‌లో పిల్లలు అన్నీ మోసుకొస్తారు, టైమ్‌టేబుల్ ముందే ఇస్తే అయిపోయే పని.

ఇంకొకటి, పెద్దవాళ్లం అసలు ఊహించం. కొత్త బ్లాక్‌కి వెళ్లే పిల్లల్ని నీకేం భయం అని అడిగితే మ్యాథ్స్ అనరు, టాయిలెట్ ఎక్కడుందో తెలీదు అంటారు. ఆడపిల్లలు మరీ, నీళ్లు తాగడం మానేస్తారు. ఐదో క్లాస్ వాళ్లని ఏప్రిల్‌లో ఒక పూట ఆరో క్లాస్ బ్లాక్‌కి తీసుకెళ్లి టాయిలెట్, నీళ్ల ఫిల్టర్, ల్యాబ్, వచ్చే ఏడాది టీచర్ ముఖం చూపించండి. పెద్ద క్లాస్ అక్కలే, అన్నలే చూపిస్తే ఇంకా మంచిది.

నేర్చుకోవడంలో ఇబ్బంది ఉన్న పిల్లల తల్లుల గురించి రాయకుండా ఉండలేను. డిస్లెక్సియా లాంటివి 2016 వికలాంగుల హక్కుల చట్టంలో ఉన్నాయి. ఇక్కడి మానసిక ఆరోగ్య ఆస్పత్రి నిమ్హాన్స్‌లో తిరిగి తిరిగి పరీక్షలు చేయించి సర్టిఫికెట్ తెచ్చుకున్న తల్లి ప్రతి జూన్‌లో అదే ఫైల్ పట్టుకుని కొత్త టీచర్ ముందు నిలబడి, మావాడు బద్ధకస్తుడు కాదు మేడమ్ అని మొదలుపెట్టాలి. పక్కన ఆ పిల్లాడు నిలబడి వింటుంటాడు. ఆ ఫైల్ స్కూల్లోనే ఉంది కదండీ! వాడికి ఎగ్జామ్‌లో ఎక్కువ టైమ్ ఇవ్వాలి, బోర్డు మీద నుంచి కాపీ చేయమనొద్దు, నోటితో అడిగితే చెప్తాడు, ఈ మూడు ముక్కలు పాత టీచర్ చెప్తే ఆ తల్లికి ఎంత ఊరటో.

తల్లిదండ్రులకి నేనే చెప్తున్నాను రోజూ, మీరు కూడా పీటీఎంలో ఒక మాట అనండి. 'ఆరో క్లాస్‌కి వెళ్లు, అప్పుడు తెలుస్తుంది నీకు' అని ఏడాదంతా బెదిరించి, జూన్‌లో ధైర్యంగా వెళ్లమంటే ఎలా వెళ్తారు. సెలవుల్లో పై క్లాస్ పోర్షన్ ముందే చెప్పించమని నా దగ్గరికి వస్తారు, నేను ఒప్పుకోను, పాతది గట్టిపడేలా చూసి మామిడిపళ్ల టైమ్‌లో అమ్మమ్మ ఊరికి పంపించమంటాను. టెన్త్ అవ్వగానే ఇక్కడి పిల్లల్ని ఇంటర్ కోసం విజయవాడ, హైదరాబాద్ హాస్టళ్లకి పంపేవాళ్లకైతే ఇంకా చెప్పాలి, అది క్లాస్ మారడం ఒక్కటే కాదు, ఇల్లు, ఊరు, తిండి, నిద్ర అన్నీ ఒకేసారి మారడం. ఆ పిల్లలకి టెలి మానస్ (మనసు బాగోలేనప్పుడు ఫోన్ చేసి మాట్లాడే గవర్నమెంట్ హెల్ప్‌లైన్) నంబర్ 14416 రాసివ్వండి, తెలుగులో మాట్లాడతారు, ఫ్రీ.

మిమ్మల్ని అడిగేది ఇదీ. లాస్ట్ వర్కింగ్ డే లోపు జరిగే స్టాఫ్ మీటింగ్‌లో ఎవరో ఒకరు లేచి, పిల్లల గురించి పాత టీచర్, కొత్త టీచర్ కూర్చుని మాట్లాడుకోవడానికి ఒక మధ్యాహ్నం ఇవ్వమని అడగండి. స్కూలు తెరిచే ముందు మీకు ఎలాగూ కొన్ని రోజులు ట్రైనింగ్ అంటూ పిలుస్తారు, అందులోంచి ఒక గంట అయినా సరే. మొదటి రెండు వారాలు టెస్ట్ పెట్టొద్దని కూడా అడగండి. మేనేజ్‌మెంట్ కాదంటే ఎవరి పర్మిషనూ అక్కర్లేదు, మీ క్లాస్‌లో అందరికంటే ఇబ్బందిపడే ఐదుగురు పిల్లల పేర్లు రాసుకుని పై క్లాస్ టీచర్‌తో టీ బ్రేక్‌లో మాట్లాడండి. ఈ ఏడాదికి ఆ ఐదుగురితో మొదలవ్వనివ్వండి.

మీ క్లాస్‌లో కన్నడ, ఇంగ్లీష్ రాని తెలుగు తల్లిదండ్రులుంటే, అడ్మిషన్ అప్పుడు గానీ పీటీఎంకి గానీ పక్కన ఉండి మాట్లాడటానికి మనిషి కావాలంటే పిలవండి. కేఆర్ పురం, మహదేవపుర, కాడుగోడి వైపు నాలాగా ట్యూషన్ చెప్పేవాళ్లం కొందరం ఉన్నాం, పొద్దున పూట మాకు ఖాళీనే, వస్తాం.

ఇట్లు,
కేఆర్ పురం నుంచి ఒక ట్యూషన్ టీచర్